గోముఖం ఎంత వెనక్కి జరిగింది? ఆ కొలత వెనక లెక్క

నర్సంపేట దగ్గరి పాకాల చెరువును మే చివర్లో ఒకరు ఫొటో తీశారనుకుందాం. నీళ్లు నడిమికి పోయి, అంచుల్లో శిఖం భూమి నెర్రెలు బారి కనిపిస్తుంది. సెప్టెంబరులో ఇంకొకరు అదే కట్ట మీద నిలబడి తీస్తే మత్తడి దుంకుతున్న చెరువు కనిపిస్తుంది. ఈ రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి ‘పాకాల పెరిగింది’ అని ఎవరైనా అంటే వరంగల్ జిల్లాలో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఏ నెలలో తీసిన ఫొటో అని అడుగుతారు. ఆ ఏడు కాలం అయిందా లేదా అని అడుగుతారు.

హిమాలయాల దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్నలు ఎవరికీ గుర్తుకు రావు. ‘అప్పుడు ఇట్లా ఉండె, ఇప్పుడు ఇట్లయింది’ అంటూ రెండు మంచుకొండల ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. ఒకటి మే నెలలో, ఇంకొకటి అక్టోబరులో తీసింది కావచ్చు. ఒక్కోసారి రెండూ ఒకే కొండవి కూడా కావు. హిమానీనదాలు, అంటే కొండల మీద మెల్లగా కిందికి జారే మంచు నదులు, కరుగుతున్న మాట నిజమే, అందులో సందేహం లేదు. అయితే ఆ నిజాన్ని చెప్పే ఆధారాలు ఇట్లాంటి ఫొటో జతలు కావు. అసలు ఆధారాలు వేరే ఉన్నాయి, వాటిని పోగు చేయడానికి వందేళ్లకు పైగా పట్టింది.

హన్మకొండ నుంచి, కరీంనగర్ నుంచి ఏటా చార్‌ధామ్ యాత్రకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది గంగోత్రి గుడి దగ్గరే ఆగిపోతారు. అక్కడి నుంచి గోముఖానికి 18 కిలోమీటర్ల నడక. సముద్ర మట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో, సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న గంగోత్రి హిమానీనదం అక్కడ ముగుస్తుంది. మంచు గోడ అడుగున ఉన్న గుహలోంచి భాగీరథి నది బయటికి వస్తుంది. మంచు ఆగిపోయి నీళ్లు మొదలయ్యే ఈ చోటును హిమానీనదం ముక్కు అంటారు. మన దేశంలో ఎక్కువ కాలంగా గమనిస్తున్న ముక్కుల్లో ఇదొకటి.

1935లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త జె.బి. ఆడెన్ ఇక్కడికి వచ్చి ముక్కు ఉన్న చోటును మ్యాపు గీశారు. (ఇంగ్లిష్ కవి ఆడెన్‌కు ఈయన సొంత అన్న. తమ్ముడికి వచ్చినంత పేరు అన్నకు రాలేదు కానీ, ఆయన గీసిన గీత మీదే తర్వాతి లెక్కలన్నీ నిలబడ్డాయి.) ఆ తర్వాత ఎవరు కొలిచినా ‘ఆడెన్ గీత నుంచి ఎంత దూరం’ అన్నదే మొదటి ప్రశ్న అయింది. ఇరవయ్యో శతాబ్దంలో గోముఖం ఏడాదికి సగటున ఇరవై మీటర్లకు అటూ ఇటూగా వెనక్కి జరిగింది. 1935 నుంచి లెక్కేస్తే ఇప్పటికి ఒకటిన్నర కిలోమీటరుకు పైనే.

పద్ధతి వినడానికి చాలా తేలిక. కదలని బండరాయి ఒకదాన్ని ఎంచుకుని రంగుతో గుర్తు పెట్టాలి. అక్కడి నుంచి మంచు అంచు దాకా టేపు పట్టాలి. మళ్లీ ఏడాది అదే నెలలో వచ్చి అదే గుర్తు నుంచి కొలవాలి. స్విట్జర్లాండ్‌లో రోన్ హిమానీనదం మీద 1874 నుంచి ఇంకో పని కూడా చేశారు. మంచుకు అడ్డంగా రంగు రాళ్లను తిన్నటి వరసలో పేర్చారు. కొన్నేళ్లకు ఆ వరస విల్లులా వంగింది. నడిమి మంచు వేగంగా, అంచుల్లో మంచు మెల్లగా కదులుతోందని రంగు రాళ్లతోనే తేలిపోయింది. 1894లో జూరిచ్‌లో దీనికోసం ఒక అంతర్జాతీయ సంఘమే ఏర్పడింది. భూమి వేడెక్కుతోందన్న గొడవ అప్పటికి లేదు. మంచుయుగాలు ఎందుకు వచ్చిపోయాయో తెలుసుకోవాలన్న కుతూహలం కొద్దీ మొదలుపెట్టిన కొలతలవి. ఏదో ఒకటి రుజువు చేయాలని మొదలుపెట్టినవి కాకపోవడం వల్ల కూడా వాటికి విలువ ఎక్కువ.

‘వెనక్కి జరిగింది’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మంచు ఎప్పుడూ వెనక్కి నడవదు. హిమానీనదం పేరుకు తగ్గట్టే నది, తన బరువుకు తానే ఎల్లప్పుడూ కిందికి జారుతుంటుంది. గోముఖం వెనక్కి జరుగుతున్న ఏళ్లలో కూడా అక్కడి మంచు ముందుకే వస్తోంది. ఇదెట్లా సాధ్యమో రామగుండం, భూపాలపల్లి వాళ్లకు చెప్పడం సులువు. కన్వేయర్ బెల్టు బొగ్గును తెచ్చి కుప్ప పోస్తూనే ఉంటుంది. అవతల లారీలు అంతకంటే వేగంగా ఎత్తుకుపోతుంటే కుప్ప అంచు బెల్టు వైపు జరుగుతూ వస్తుంది. బెల్టు ఆగలేదు, వెనక్కీ తిరగలేదు. వచ్చేదానికంటే పోయేది ఎక్కువైంది, అంతే.

వచ్చేదెంత, పోయేదెంత అన్న లెక్క చెరువు కింద వ్యవసాయం చేసిన ఊళ్లకు కొత్తది కాదు. ఎగువ నుంచి వాగు తెచ్చేది ఒక పద్దు. తూముల్లోంచి, మత్తడి మీదుగా, ఎండకు ఆవిరై పోయేది ఇంకో పద్దు. యాసంగికి ఎన్ని ఎకరాలకు నీళ్లు వదలొచ్చో నీరటి ఈ రెండూ చూసే చెప్పేవాడు. హిమానీనదానికీ ఇట్లాంటి ఖాతా ఉంది. పై భాగంలో పడే మంచు జమ, కింది భాగంలో కరిగేది ఖర్చు. రెండూ సరిపోయే ఎత్తు ఒకటి ఉంటుంది, దాన్ని సమతుల్య రేఖ అంటారు. ఎండాకాలం చివర చూస్తే ఆ రేఖకు పైన తెల్లటి పాత మంచు, కింద బూడిదరంగు గట్టి ఐసు కనిపిస్తాయి. రేఖ ఏటేటా పైకి పాకుతోందంటే జమ తగ్గి ఖర్చు పెరుగుతున్నట్టు.

ఈ ఖాతా రాయడం ముక్కు దగ్గర టేపు పట్టడం కంటే చాలా కష్టమైన పని. హిమాలయాల్లో దీనికి వాడే ముఖ్యమైన సాధనం వెదురుకర్ర. ఆవిరితో పనిచేసే డ్రిల్లుతో మంచులో చాలా మీటర్ల లోతు రంధ్రం చేసి, వెదురు ముక్కలను ఒకదాని మీద ఒకటి నిలిపి దింపుతారు. ఏడాది తర్వాత వచ్చి కర్ర ఎంత బయటపడిందో చూస్తారు. రెండు మీటర్లు బయటపడితే ఆ చోట రెండు మీటర్ల మంచు పోయినట్టు. కింది భాగాల్లో ఒక్క ఎండాకాలంలోనే మూడు నాలుగు మీటర్లు పోయే చోట్లు ఉన్నాయి. పై భాగంలో పని వేరు. అక్కడ గొయ్యి తవ్వి, ఈ ఏడు పడిన మంచు పొర ఎంత మందం ఉందో, ఎంత బరువుందో తూకం వేస్తారు. కొత్తగా పడిన మంచు దూదిలా తేలిగ్గా ఉంటుంది, ఘనపు మీటరుకు వంద కిలోలకు అటూ ఇటూ. గట్టిపడిన ఐసు తొమ్మిది వందల కిలోల దాకా తూగుతుంది. అందుకే పైన పడిన మీటరు మంచునూ కింద కరిగిన మీటరు ఐసునూ ఒకే కాటాలో పెట్టకూడదు. రెండింటినీ ముందు నీళ్లలోకి మార్చి తర్వాత కూడికలు, తీసివేతలు చేస్తారు. ఇక్కడ గింజ పత్తికీ దూదికీ ఒకే రేటు ఉండదని తెలిసినవాళ్లకు ఈ జాగ్రత్త ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు.

లెక్కల ఏడాది అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. మన చెరువులు నిండి, బతుకమ్మలను నీళ్లలో వదిలే రోజులకు కాస్త అటూ ఇటూగా, హిమాచల్‌లోని లాహుల్-స్పితి కొండల్లో చోటా షిగ్రీ హిమానీనదం మీద వెదురుకర్రలు చదివే పని జరుగుతుంటుంది. 2002 నుంచి అక్కడ ఏడాది తప్పకుండా ఈ ఖాతా రాస్తున్నారు. భారత హిమాలయాల్లో తెగకుండా సాగుతున్న పెద్ద వరస ఇదే. అంతకుముందు 1974లో జియలాజికల్ సర్వే వాళ్లు గారా అనే హిమానీనదం మీద ఇట్లాంటి లెక్కను మన దేశంలో మొదటిసారి మొదలుపెట్టారు. స్వీడన్‌లోని స్టోర్‌గ్లాసియారెన్ మీద మాత్రం 1945-46 నుంచి ఆగలేదు. ఒక హిమానీనదం మొత్తానికీ ఆగకుండా రాస్తున్న ఖాతాల్లో ప్రపంచంలో ఇంత పాతది ఇంకొకటి లేదు. జియలాజికల్ సర్వే జాబితా ప్రకారం మన హిమాలయాల్లో 9,575 హిమానీనదాలు ఉన్నాయి. వాటిలో వెదురుకర్ర దిగినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అవి కూడా చాలామటుకు మనిషి నడిచి వెళ్లగలిగినవి, మరీ నిటారుగా లేనివి, మంచు చరియల భయం తక్కువ ఉన్నవి. అంటే నమూనా ఎంపికలోనే కొంత వంకర ఉంది. ఈ మాట శాస్త్రవేత్తలు దాచరు. దాన్ని వార్తలో రాసేవాళ్లే అరుదు.

పొడవు ఒక్కదాన్నే చూస్తే ఎక్కడ మోసపోతామో శ్రీరాంసాగర్ బాగా చూపిస్తుంది. పోచంపాడు దగ్గర గోదావరి మీద 1963లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 1,091 అడుగులు. ఇప్పటికీ అంతే. గేజీ దగ్గర నిలబడి చూసేవాళ్లకు ఏ మార్పూ కనిపించదు. కట్టినప్పుడు ఆ మట్టానికి 112 టీఎంసీలు పట్టేవి. పూడిక మీద సర్వేలు చేస్తూ పోతే అది 90కి, తర్వాత 80 చిల్లరకు దిగింది. గీత కదల్లేదు, దాని కింద ఉన్నదే తగ్గింది. కాకతీయ కాలువ చివర నీళ్ల కోసం ఎదురుచూసే వరంగల్ వైపు రైతులకు గీత ముఖ్యమా, కింద ఉన్నది ముఖ్యమా?

హిమానీనదంలోనూ అంతే, కాకపోతే అక్కడ లోపలికి వచ్చి చేరేదేమీ లేదు, ఉన్నదే పలచబడుతుంది. ముక్కు ఉన్నచోటే ఉండి పైనుంచి మందం పోతూ ఉండొచ్చు. రాళ్లూ మట్టీ కప్పుకున్న హిమానీనదాల్లో ఇది మరీ ఎక్కువ. గంగోత్రి కింది భాగం మీద నడిచేవాళ్లకు కాళ్ల కింద ఐసు ఉందన్న సంగతే తెలియదు. రాళ్లగుట్ట మీద నడుస్తున్నట్టు ఉంటుంది. ఈ రాతి కప్పు పని విచిత్రం. ఒకటి రెండు సెంటీమీటర్ల పలచటి దుమ్ము పొర అయితే ఎండను పీల్చి మంచును త్వరగా కరిగిస్తుంది. అదే మందంగా ఉంటే గోనె సంచీ కప్పిన ఐసుగడ్డలా కాపాడుతుంది. రాతి కప్పు మందంగా ఉన్న హిమానీనదం ముక్కు పెద్దగా కదలకపోవచ్చు. దాన్ని చూసి ‘ఇక్కడ ఏం కాలేదు’ అనుకుంటే తప్పు. మధ్య భాగం బల్లపరుపుగా కుంగిపోయి, మీద చిన్న చిన్న నీటిగుంటలు తేలి, అవి కలిసి చెరువులవుతుంటాయి.

ఈ కుంగుబాటును కళ్లకు కట్టింది పాత ఫొటోలే. ఇవి వాట్సాప్ జతల లాంటివి కావు. 1921లో ఎవరెస్టు దారి వెతుకుతూ వెళ్లిన జార్జ్ మల్లోరీ టిబెట్ వైపు రోంగ్‌బుక్ హిమానీనదాన్ని ఫొటో తీశాడు. 2007లో పర్వతారోహకుడు డేవిడ్ బ్రెషియర్స్ ఆ ఫొటో తీసిన చోటును వెతికి పట్టుకుని, అక్కడే నిలబడి మళ్లీ తీశాడు. పాత ఫొటోలో ఎత్తయిన ఐసు శిఖరాలు వరసగా కనిపించిన చోట కొత్త ఫొటోలో రాళ్ల లోయ ఉంది. రెండింటి మధ్య దాదాపు వంద మీటర్ల ఎత్తు మంచు లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది ఈ టిబెట్ వైపు నుంచే. పదమూడేళ్ల పూర్ణ చూసిన రోంగ్‌బుక్ లోయ, మల్లోరీ చూసిన లోయ ఒకటి కాదు. ఆ రోజుల్లో మన పత్రికలు రికార్డు గురించి పేజీలు నింపాయి. ఆ పిల్లలు ఏ మంచు మీదుగా నడిచారో రాసినట్టు లేదు.

ఒక్కో చోట ఒక్కో ఫొటో, ఒక్కో వెదురుకర్ర చేసే పనిని వేల చోట్ల ఒకేసారి చేయగలిగింది ఉపగ్రహం. ఇందులో ఒక తమాషా ఉంది. 1970లలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు, హెక్సాగన్ అనే పేరుతో, శత్రుదేశాల స్థావరాల కోసం భూమిని ఫిల్ము మీద ఫొటోలు తీశాయి. తీసిన ఫిల్మును డబ్బాల్లో పెట్టి పారాచూట్లతో కిందికి వదిలేవి, ఆ డబ్బాలను విమానాలు గాల్లోనే పట్టుకునేవి. రహస్యం తొలగించాక ఆ ఫొటోలు శాస్త్రవేత్తల చేతికి వచ్చాయి. ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసిన ఫొటోలు ఉంటే మన రెండు కళ్లు దూరాన్ని పసిగట్టినట్టే ఎత్తును లెక్కగట్టొచ్చు. అట్లా 1975 నాటి మంచు ఉపరితలం ఎత్తు తేలింది. దానిలోంచి 2000 నాటి ఎత్తును, 2016 నాటి ఎత్తును తీసేస్తే ఎంత మందం పోయిందో తెలిసిపోతుంది.

2019లో శాస్త్రవేత్త జాషువా మౌరర్ బృందం ఈ పద్ధతితోనే హిమాలయాల్లో 2,000 కిలోమీటర్ల పొడవునా 650 హిమానీనదాలను చూసింది. 1975-2000 మధ్య అవి ఏడాదికి సగటున పావు మీటరు కంటే కాస్త తక్కువ నీళ్లకు సమానమైన మందం కోల్పోయాయి. 2000-2016 మధ్య అది దాదాపు రెట్టింపై 43 సెంటీమీటర్లకు చేరింది. 1975లో ఉన్న మంచులో 2000 నాటికి 87 శాతం మిగిలింది, 2016 నాటికి 72 శాతం. నేపాల్ వైపూ సిక్కిం వైపూ హిమాచల్ వైపూ వాన తీరు వేరు, మసి వేరు, రాతి కప్పు వేరు. అయినా తగ్గుదల అన్ని చోట్లా దాదాపు ఒకే తీరులో ఉంది. అన్ని చోట్లా ఉమ్మడిగా పెరిగింది గాలి వేడి ఒక్కటే. కారణం ఏమిటన్న వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. వంటపొయ్యిల నుంచి, డీజిల్ బండ్ల నుంచి వచ్చే మసి మంచు మీద పడి కరగడాన్ని పెంచుతుందన్నదీ నిజమే. కానీ దాని పాత్ర ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది.

కొండ ప్రాంతాల మీద పరిశోధన చేసే, కాఠ్మాండూలోని ఐసీమోడ్ సంస్థ 2023 నివేదిక ప్రకారం హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో 2011-2020 మధ్య మంచు పోయిన వేగం అంతకుముందు పదేళ్లతో పోలిస్తే 65 శాతం ఎక్కువ. ప్రపంచమంతా చూస్తే 2000 నుంచి 2023 దాకా ఏటా సగటున 273 గిగాటన్నులు. ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు, నీళ్లలో చెబితే సుమారు 35 టీఎంసీలు. అంటే ఏటా పోయేది దాదాపు 9,600 టీఎంసీలు. ఇప్పుడున్న సామర్థ్యంతో వంద శ్రీరాంసాగర్‌లు నింపినా ఇంకా మిగులుతుంది.

ఇందులో ఎదురు కథ కూడా ఒకటుంది. కారకోరం కొండల్లో కొన్ని హిమానీనదాలు చాలాకాలం స్థిరంగా ఉన్నాయి, కొన్ని ముందుకు కూడా జరిగాయి. అక్కడ చలికాలపు పశ్చిమ గాలులు తెచ్చే మంచు ఎక్కువ, వేసవులు అంత వేడెక్కలేదు. తూర్పు, మధ్య హిమాలయాల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ మంచు ఎక్కువగా పడేది మనకు వానలు పడే నెలల్లోనే. కరిగేదీ అప్పుడే. అందుకే కాస్త వేడి పెరిగినా దెబ్బ రెండు వైపులా తగులుతుంది. మంచుగా పడాల్సింది వానగా పడి జమ తగ్గుతుంది, ఉన్న మంచు మీద కొత్త తెల్లటి పొర లేక ఎండకు ఖర్చు పెరుగుతుంది.

కొలతల మీద నమ్మకాన్ని ఎక్కువగా దెబ్బతీసింది మంచు కాదు, ఒక అంకె. 2007లో వచ్చిన ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘం) నివేదికలో హిమాలయ హిమానీనదాలు 2035 నాటికే మాయం కావచ్చన్న వాక్యం దొర్లింది. అది ఏ కొలతలోంచీ వచ్చింది కాదు. ఒక పత్రికలో వచ్చిన వార్త, దాన్ని తీసుకుని రాసిన ఒక సంస్థ నివేదిక, అక్కడి నుంచి ఐపీసీసీ. 1996 నాటి ఒక రష్యన్ శాస్త్రవేత్త నివేదికలో ఉన్న 2350 అన్న సంవత్సరం అంకెలు తారుమారై 2035 అయిందన్న అనుమానమూ వచ్చింది. 2009 నవంబరులో జియలాజికల్ సర్వేలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా కేంద్ర పర్యావరణ శాఖ కోసం రాసిన చర్చాపత్రం బయటికి రావడంతో గొడవ ముదిరింది. 2010 జనవరిలో ఐపీసీసీ ఆ వాక్యం తప్పని ఒప్పుకుంది.

రెండు వైపులా అతి చేశారనే చెప్పాలి. వందల మీటర్ల మందమున్న మంచు ఏడాదికి అర మీటరు చొప్పున పోతుంటే పాతికేళ్లలో మొత్తం మాయం కాదని గుణకారం వచ్చిన ఎవరైనా పట్టుకోవాల్సింది. అన్ని దశల్లో అంతమంది పెద్దలు చదివి కూడా పట్టుకోలేదు. రైనా పత్రంలో ఉన్న ఒక మాటను, మంచుకు ఏమీ కావడం లేదనే వర్గం జెండాలా ఎగరేసింది. 2007 సెప్టెంబరు నుంచి 2009 జూన్ దాకా గంగోత్రి ముక్కు దాదాపు నిలిచిపోయిందని అందులో ఉంది. అది నిజమైన కొలతే. కాకపోతే రెండేళ్లలోపు ముక్కు కదలిక చెరువు గట్టున రెండు రోజుల నీటిమట్టం లాంటిది. పైన జమ తగ్గిన సంగతి ముప్పై కిలోమీటర్ల హిమానీనదం ముక్కు దాకా రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ రోజు ముక్కు చెబుతున్నది మన తాతల కాలపు వాతావరణం కబురు కూడా కావచ్చు.

ఇక హైదరాబాద్ సంగతి. హిమాలయాల చెరువుల లెక్కలో పెద్ద భాగం తయారైంది బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో. ఉపగ్రహాల సిగ్నళ్లు అందుకునే స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది. హిమానీనదం తగ్గినచోట, అది అంతకుముందు తోసిపెట్టిన రాళ్లు మట్టి కలిసిన కట్ట వెనక నీళ్లు చేరి చెరువవుతుంది. చూడ్డానికి మన ఊరి చెరువు లాంటిదే. తేడా ఏమిటంటే ఆ కట్టను ఎవరూ కట్టలేదు, తూము లేదు, కాకతీయుల కాలపు నిపుణుడు ఎవరూ దానికి మత్తడి ఎత్తు నిర్ణయించలేదు. కొన్ని చోట్ల కట్ట లోపల ఇంకా ఐసు ఉంటుంది, అది కరిగిన కొద్దీ కట్ట గుల్లబారుతుంది.

ఇస్రో 2024లో విడుదల చేసిన వివరాల ప్రకారం 2016-17లో గుర్తించిన పది హెక్టార్ల కంటే పెద్దవైన 2,431 చెరువుల్లో 676 చెరువులు 1984 తర్వాత బాగా పెరిగాయి. వాటిలో 130 మన దేశంలో ఉన్నాయి. హిమాచల్‌లో 4,068 మీటర్ల ఎత్తున ఉన్న గేపాంగ్ గాథ్ చెరువు 1989లో 36.49 హెక్టార్లు, 2022లో 101.30 హెక్టార్లు. సిక్కింలో దక్షిణ ల్హోనక్ చెరువు ఎట్లా పెరుగుతోందో ఉపగ్రహాలు ఏళ్ల తరబడి చూపిస్తూనే ఉన్నాయి. 2023 అక్టోబరు 3 రాత్రి అది తెగింది, చుంగ్‌థాంగ్ దగ్గరి తీస్తా డ్యామును కొట్టుకుపోయింది. గమనించడం ఒకటి, గమనించినదాన్ని బట్టి కింద ఉన్నవాళ్లను కదిలించడం ఇంకొకటి. మొదటిది ఆకాశం నుంచి చేయొచ్చు. నేపాల్‌లో ఇమ్జా చెరువు విషయంలో రెండోది కూడా జరిగింది. అక్కడ 2016లో సైన్యం కాలువ తవ్వి నీటిమట్టాన్ని మూడు మీటర్లకు పైగా దించింది. ఐదు వేల మీటర్ల ఎత్తున తూము పెట్టినట్టే లెక్క.

వరంగల్ వాళ్లకు దీంతో పనేమిటన్న ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఏమంటే, నీళ్ల విషయంలో నేరుగా ఏమీ లేదు. గోదావరికి, మానేరుకు, ప్రాణహితకు మంచుతో సంబంధం లేదు. అన్నీ వాన నదులే. హిమాలయాలు కరిగితే గోదావరి ఎండిపోతుందని ఉపన్యాసాల్లో చెప్పేవాళ్లు ఉంటారు, అది తప్పు. గంగలో కూడా కిందికి, బీహార్ దాకా వచ్చేసరికి మంచు వాటా చిన్నదే, వానదే పెద్ద పీట. సింధు నది సంగతి వేరు, దానికి మంచు నీళ్లే ఆధారం. అక్కడ కూడా మొదట కనిపించేది కరువు కాదు. కరగడం పెరిగిన కొద్దీ కొన్ని దశాబ్దాల పాటు నీళ్లు ఎక్కువే వస్తాయి. గుమ్మిలో ధాన్యం తీసి తింటున్న ఇంట్లో ఆకలి తెలియనట్టు. ఈ శతాబ్దం మధ్య నాటికి ఆ పెరుగుదల ఒక అంచుకు చేరి, తర్వాత తగ్గుతుందని అంచనా.

నేల విషయంలో మాత్రం ఉత్తర తెలంగాణకు మంచుతో చాలా పాత చుట్టరికం ఉంది. సింగరేణి బొగ్గు పొరలకు కింద, గోదావరి లోయలో, తాల్చేరు రాతి పొరలు ఉన్నాయి. ఆకుపచ్చ ఛాయ ఉన్న మట్టిరాతిలో చిన్నా పెద్దా గుండ్లు కలగాపులగంగా ఇరుక్కుని ఉంటాయి. నది అయితే రాళ్లను సైజు ప్రకారం వేరు చేస్తుంది, ఇసుక ఒకచోట, గులకరాళ్లు ఒకచోట. పిండి నుంచి బండ దాకా అన్నిటినీ కలిపి ఒకేచోట వదిలేసేది మంచు. 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఒడిశాలోని తాల్చేరు దగ్గర ఈ రాళ్లను చూసి ఇది మంచు పని అని రాశారు. ఇంత ఎండలు కాసే దేశంలో మంచేమిటని చాలామంది నమ్మలేదు. తర్వాత 1870లలో మన ఆదిలాబాద్‌కు అవతలి ఒడ్డు, చంద్రపూర్ వైపు ఇరై దగ్గర నున్నగా అరిగిన సున్నపురాయి మీద సమాంతరంగా గీతలు పడి కనిపించాయి. మంచు కింద ఇరుక్కున్న రాళ్లు రాపిడితో గీసిన గీతలవి. దాదాపు ముప్పై కోట్ల ఏళ్ల కింద ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. మంచు పోయాక పెరిగిన అడవులే ఈనాటి బొగ్గు. ఆ బొగ్గును మండించడం వల్ల కూడా ఇప్పటి మంచు పోతోంది. ఈ మాట వ్యంగ్యంగా వినిపిస్తుంది కానీ రసాయనశాస్త్రం మామూలుదే.

వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా అనేవాళ్లకు ఈ తాల్చేరు గుండ్లు ఇష్టమైన ఉదాహరణ. మారిన మాట నిజం. ఆ మంచు వచ్చి పోవడానికి లక్షల, కోట్ల ఏళ్లు పట్టింది. గంగోత్రి ఒకటిన్నర కిలోమీటర్లను మాత్రం ఒక మనిషి ఆయుష్షులో, టేపు పట్టి కొలవగలిగాం.

యాత్రలకు వెళ్లేవాళ్లు తీసే ఫొటోలు ఈ లెక్కకు బొత్తిగా పనికిరానివేం కాదు. గంగోత్రి గుడి అక్షయ తృతీయకు తెరిచి దీపావళికి మూస్తారు. తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లేది పిల్లలకు సెలవులని మే, జూన్‌లలో. అప్పటికి చలికాలపు మంచు ఇంకా పూర్తిగా పోదు, ముక్కు అంచు ఎక్కడుందో తేల్చడం కష్టం. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో గోముఖం దాకా నడిచేవాళ్లు ఉంటే తారీఖుతో పాటు నిలబడిన చోటు లొకేషన్ కూడా ఫోన్‌లో దాచుకోవడం మంచిది. మంచు మీద ఫోకస్ పెట్టి మనుషులను ముందు నిలబెట్టడంతో పాటు, వెనకున్న రాతి గోడల అంచులు రెండు వైపులా పడేలా ఇంకో ఫొటో తీసుకోవాలి. పదేళ్ల తర్వాత వెళ్లేవాళ్లు అదే చోటును వెతుక్కోవాలంటే ఆ రాళ్లే గుర్తు, వాళ్లు నిలబడేనాటికి ముందున్న మంచు ఎట్లాగూ మారిపోయి ఉంటుంది.